టానిక్ సీసాలో నీళ్లు

స్త్రీల కూడికలో అమ్మ వాక్యం చదువుతుంటే, పేజీ మీద పడుకోబెట్టిన టానిక్ సీసా దొర్లింది. మూత ఊడి నీళ్లన్నీ బైబిలు మీద పారాయి.

"అదేంటి వదినా, వాక్యానికి కూడా మందు పోస్తున్నావా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అమ్మ మాత్రం కొంగుతో పేజీ అద్ది, పుస్తకం పక్కావిడకి ఇచ్చేసింది. అమ్మ పనిచేసే మిరప కల్లం మేస్త్రీ భార్య వెనక వరసలోనే ఉంది.

తొంభైల చివర్లో సంగతి. అప్పటికి రెండేళ్లుగా అమ్మకి దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అద్దంకి పక్క కల్లంలో ఎండుమిరపలోంచి తెల్లబారిన తాలుకాయ, మచ్చకాయ ఏరి పక్కకి వేయడం ఆమె పని. కళ్లజోడు పెట్టినవాళ్లని ఏరుడుకి కూర్చోబెట్టేవాళ్లు కాదు. చూపు తగ్గబట్టే జోడు వచ్చిందని మేస్త్రీ వాదన. వాళ్లని ఎండలో కాయ తిరగదోయడానికి పంపేవాడు. అమ్మ మోకాళ్లు దానికి ఓర్చవు.

నేనప్పుడు ఒక పత్రికకి వార్తలు పంపేవాణ్ణి. ఒంగోలులో కళ్ల డాక్టరుకి చూపిస్తానంటే ఒప్పుకోలేదు. ఖాళీ టానిక్ సీసా నిండా నీళ్లు పోసి, అక్షరాల వరస మీద అడ్డంగా పెట్టుకుని చదివేది. సీసా కింద అక్షరాలు నిలువుగా సాగి లేచేవి. నీళ్లలోంచి, గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు దారి వంగుతుందని చెప్పాను.

"వంగితే వంగనీరా. నాకు కనపడుతోందిగా" అంది.

సోమవారం పొద్దున అమ్మని సైకిల్ మీద కల్లానికి తీసుకెళ్లాను. భార్య చెప్పినట్టుంది, సీసా సంగతి మేస్త్రీకి అప్పటికే తెలుసు. గోనెపట్టా మీద రెండు దోసిళ్ల కాయ పోశాడు.

"ఏరమ్మా, చూద్దాం."

"చూడు. మాట్లాడకు" అంది అమ్మ.

ఒక్కో కాయనీ వేళ్ల మధ్య దొర్లించి ఇటో అటో వేసింది. తల మాత్రం దించలేదు. చూపు ఎదురుగా ఎండుతున్న ఎర్రటి కాయ పరుపు మీదే ఉంది. మేస్త్రీ మంచికాయ కుప్ప కెలికి ఒక్క మచ్చకాయ పట్టుకున్నాడు. దాన్ని ఎండకేసి తిప్పి చూశాడు.

"ఇది నేనైనా వదిలేసేవాణ్ణేలే. కూర్చో."

ఆ కాపంతా అమ్మ నీడన ఏరుడుకే కూర్చుంది. తర్వాత ఆ పని మానేశాక గానీ జోడు పెట్టించుకోలేదు. తడిసిన ఆ రెండు పేజీలు అతుక్కుని అలాగే ఉన్నాయి. ఆరోజు కళ్లతో ఏరావా, వేళ్లతోనా అని చాలాసార్లు అడిగాను.

"ఏరానుగా" అనేది.