పామర్రులో ప్రోగ్రామ్ ఉందని చెప్పి వెళ్ళిన దేవదానం

పదకొండేళ్ళ కింద క్రిస్మస్ ముందు గన్నవరంలో పెద్ద ప్రోగ్రామ్ ఒకటి వచ్చింది. దేవదానం బేస్ గిటార్ పట్టుకుని వెళ్ళాడు. నాకు చెప్పలేదు. నా డోలక్ బదులు కరెంటు ప్యాడ్స్ మిషన్ వాయించే రాజును పక్కన పెట్టుకున్నాడు.

అది నేను మర్చిపోలేదు. మర్చిపోలేదని వాడికీ తెలుసు.

నిన్న పొద్దున అంతకంటే పెద్ద పని చేశాడు. చచ్చిపోయాడు.

మన చర్చి వాట్సాప్ గ్రూప్‌లో వాడి ఫోటో, కింద "ప్రభువునందు నిద్రించారు" అని. నాది మూడో తరగతి చదువు. రెండుసార్లు కూడబలుక్కుని చదివాను. వీడు పామర్రులో పెళ్ళికి వాయించడానికి కదా వెళ్ళింది, నిద్రించడం ఏంటి అనుకున్నాను. వాడి కుక్క నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది.

ఈ గ్రూప్‌లో ఇది కూడా ఫోన్‌లో మైకు నొక్కి చెబుతున్నాను. తప్పులుంటే ఉండనివ్వండి.

మన చర్చికి కొత్తగా వస్తున్నవాళ్ళకి వాడు సరిగ్గా తెలియడు. వన్ టౌన్‌లో గుమాస్తా. ముప్పై ఏళ్ళు ఆరాధనలో వాడు బేస్, నేను డోలక్. మొదలుపెట్టే ముందు వాడు లావు తీగ ఒక్కసారి మీటేవాడు. ఆ మోతకి నేను ఎడమ పక్క తాళ్ళు బిగించుకునేవాణ్ణి. నా వైపు చూసేవాడు కూడా కాదు. మా మధ్య అంతే మాట.

ఫుట్‌బాల్ అంటే పిచ్చి. ఊరంతా క్రికెట్ చూస్తుంటే వీడొక్కడూ ఫుట్‌బాల్.

మొన్నామధ్య వరల్డ్ కప్ ఫైనల్ క్యారల్స్ రోజుల్లో ఆదివారం రాత్రి పడింది. చర్చిలో ప్రోగ్రామ్ ఉంది. తెల్లచొక్కా కింద వాడి టీమ్ జెర్సీ. ఆంప్లిఫయర్ వెనక ఫోన్‌లో సౌండ్ లేకుండా మ్యాచ్.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. అప్పుడే వాడి టీమ్ గోల్ కొట్టింది. వీడి వేలు లావు తీగ మీద పడింది. స్పీకర్లు అదిరాయి. ప్రార్థన అయిపోయిందనుకుని జనమంతా "ఆమెన్" అన్నారు. పాస్టరు గారు కూడా చేసేదేం లేక ఆమెన్ అనేశారు.

కుక్క పేరు కార్నర్. గ్రౌండ్‌లో కార్నర్ జెండా కింద దొరికింది, అదే పేరు పెట్టాడు. వాడు ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే స్పీకర్ బాక్స్‌కి వీపు ఆనించి పడుకునేది. ఆ అదురు లేకపోతే దానికి నిద్ర రాదు.

ఈ వేసవి నుంచి మూడు వారాలకోసారి దాన్ని మా ఇంట్లో వదిలేవాడు.

"రెండు రోజులు ప్రోగ్రామ్ ఉంది బావా. దీన్ని కాస్త చూసుకో."

డోలక్ అక్కర్లేదా ఆ ప్రోగ్రామ్‌కి అని అడిగాను. రాజు వస్తున్నాడు అన్నాడు.

అంతే, ఇంక అడగలేదు. కుక్కని తీసుకునేవాణ్ణి, వాడితో మాట్లాడేవాణ్ణి కాదు. కుక్క నాకేం అన్యాయం చేసింది?

ఒకసారి టోపీ పెట్టుకుని వచ్చాడు. టోపీ కింద గుండు. మనకి మొక్కులూ గుండ్లూ ఏంట్రా అన్నాను. టీమ్ మీద పందెం కాసి ఓడిపోయా బావా అన్నాడు.

నేను నమ్మాను. ఫుట్‌బాల్ కోసం వాడు గుండేంటి, ఏదైనా గీయించుకుంటాడు. కడుపు పట్టుకుని నవ్వాను కూడా. వాడూ నవ్వాడు.

ఆదివారం ఆరాధనలో వాడి బేస్ మోగకపోతే బయటి ప్రోగ్రామ్‌లు ఎక్కువయ్యాయిలే అనుకున్నాను. మనిషి చిక్కిపోతుంటే ఊళ్ళు పట్టుకు తిరిగితే చిక్కడా అనుకున్నాను.

పోయిన గురువారం చివరిసారి వచ్చాడు. ఈసారి కుక్కతో పాటు దాని దుప్పటి, ఇంజెక్షన్ల కార్డు కూడా తెచ్చాడు. పామర్రులో ప్రోగ్రామ్, నాలుగు రోజులు పట్టొచ్చు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"వెళ్ళు. ఆ మిషన్‌గాడి పక్కనే వాయించుకో. మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

"వాడి టైమింగ్ నీకంటే బాగుంటుంది బావా" అన్నాడు. కుక్క తల నిమిరి వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం సమాధుల దగ్గర తెలిసింది నాకు. పామర్రు లేదు, పెళ్ళి లేదు. అన్నీ ఆస్పత్రి రోజులే. కేన్సర్. బేస్ గిటార్ వేసవి నుంచి మంచం కింద సంచిలోనే ఉంది.

రాజు బైక్ మీదే ఆస్పత్రికి వెళ్ళేవాడట. వాడి వెనకాల కూర్చుని. రాజు వస్తున్నాడని, అది మాత్రం నిజమే చెప్పాడు.

రాజుకి తెలుసు. పాస్టరు గారికి తెలుసు. వాడి భార్య, వరసకి నా చెల్లెమ్మ సువార్తకి తెలుసు. నాకు తెలియదు.

నా కోపం ఎక్కడుందో వాడికి బాగా తెలుసు. రాజు పేరెత్తితే నేను ఇంకో ప్రశ్న అడగనని తెలుసు. పదకొండేళ్ళ నా బాధని తలుపులా అడ్డం పెట్టుకుని, దాని వెనక చచ్చిపోయాడు.

ఎందుకు దాచావని చెల్లెమ్మని అడిగాను. "ఆయనే వద్దన్నారు అన్నయ్యా. తర్వాత చెబుతాలే" అంది.

తర్వాత కుదరదు.

బావ తట్టుకోలేడు అన్నాడా? బావది నోటి దురుసు, ఊరంతా చెబుతాడు అన్నాడా? లేక నేను వాడికి అంత దగ్గర మనిషిని కాదా? ఏదన్నా సరే. నన్ను మెత్తగా ఓదార్చే మాట కల్పించి చెప్పొద్దు. వాడు ఏ మాట అన్నాడో ఆ మాటే చెప్పండి.

కార్నర్ నా దగ్గరే ఉంటుంది. దాని గురించి ఎవరూ అడగొద్దు. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నేనూ అంతే.

దేవదానం, నీ మీద కోపం తగ్గలేదు, తగ్గుతుందని చెప్పను. నొప్పి లేని చోట, సూదులు లేని చోట ప్రశాంతంగా ఉండు బావా.

ముందే తెలిసిన ఆ ముగ్గురికీ చెబుతున్నాను. శనివారం సాయంత్రం ఆరింటికి వాడి కోసం ఆదరణ కూడిక. ఆ లోపు మీలో ఒకరు మా ఇంటికొచ్చి, నా మొహం చూసి జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆ కూడికలో డోలక్ మోగదు.