వరండాలో క్లారినెట్

1974 ఎండాకాలం చివర్లో, కరీంనగర్‌లో వయొలిన్ పాఠాలు చెప్పుకునే నన్ను ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు తమ టౌన్‌షిప్‌లో ఆర్కెస్ట్రా లీడర్‌గా తీసుకున్నారు. పేరు ఘనంగా ఉన్నా సంక్షేమ విభాగంలో నా స్థాయి గుమాస్తాది. ప్రతి శనివారం సాయంత్రం ఆఫీసర్ల క్లబ్బులో భోజనాల వేళ రెండు గంటలు లలితమైన బాణీలు వాయించాలి. పాట ఉండదు, వాద్యాలే. తినేవాళ్ళ మాటలకు అడ్డు రాకూడదన్నది ఒక్కటే షరతు.

బయటివాళ్ళకు ఇది తేలిక పనిలా అనిపిస్తుంది. నిజానికి ఎనిమిది మంది కలిసి మెల్లగా వాయించడం గట్టిగా వాయించడం కన్నా కష్టం. గట్టిగా వాయిస్తే ఒకరి తప్పు ఇంకొకరి మోతలో కలిసిపోతుంది. మెల్లగా వాయిస్తే ఎవరి తప్పు వాళ్ళదే.

నేను పోగా ఆరుగురితో నాకు ఇబ్బంది లేదు. ఎనిమిదో మనిషి రాజమల్లు, క్లారినెట్. లక్సెట్టిపేటలో పెళ్ళి బ్యాండులో పెరిగినవాడు. పగలు స్టోర్సులో తాత్కాలిక కూలీ. ఆర్కెస్ట్రాలో ఏడాది వాయిస్తే పర్మనెంటు చేస్తామన్నారు. పర్మనెంటయితే క్వార్టరు వస్తుంది, భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చని అతని ఆశ. శ్రుతి తప్పడు, రిహార్సల్ ఎగ్గొట్టడు. మెల్లగా ఊదడం మాత్రం రాదు.

"రాజమల్లూ, జర తగ్గియ్యవయ్యా," అని నేను రోజుకు పదిసార్లు అనేవాణ్ణి.

"తగ్గిస్తనే ఉన్న సార్. బరాత్‌ల ఆఖరోనికి గూడ ఇనవడాలె అని మా బాపు నేర్పిండు. పదేండ్లసంది గట్లనే ఊదిన. ఇంక తగ్గిస్తే సుర్ నిలుస్తలేదు," అనేవాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. రీడ్ అంటే ఊదేచోట బిగించే పలుచని బద్ద. అతను వాడేది గట్టి రకం. దాన్ని మెల్లగా ఊదితే స్వరం వణుకుతుంది. హైదరాబాద్ నుంచి మెత్తని రీడ్లు తెప్పించాను. అతని ఊపిరికి అవి కీచుమన్నాయి. వాద్యం కింది మూతిలో గుడ్డ కుక్కి చూశాను. క్లారినెట్‌లో శబ్దం తెరిచి ఉన్న రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది కాబట్టి అదీ పనికిరాలేదు. ఇది తెలిసి కూడా గుడ్డ కుక్కానంటే నేనెంత విసిగిపోయానో ఊహించుకోండి.

అక్కడ క్లబ్బు సెక్రటరీ ఊరుకోడు. ఆయన నియామకాలు చూసే పర్సనెల్ విభాగంలో ఆఫీసరు, కోస్తా నుంచి వచ్చినాయన. తన బల్ల దగ్గరి నుంచి లేవకుండా వెయిటరు ట్రేలో చీటీ పంపేవాడు: 'తగ్గించండి.' ఒక శనివారం పాయసం వడ్డించేలోపు ఏడు చీటీలు వచ్చాయి. ఏడోదాని మీద ఆ మాట కూడా లేదు, కింద రెండు గీతలే ఉన్నాయి.

మరుసటి వారం రాజమల్లును వేదిక మీది నుంచి తీసి, కిటికీ అవతల వరండాలో, చేతులు కడుక్కునే తొట్టి పక్కన కూర్చోబెట్టాను. కిటికీలోంచి నా వయొలిన్ కమాను కనిపిస్తుంది, తాళం తప్పదు. లోపలికి క్లారినెట్ సరిగ్గా కావలసినంతే వినిపించింది. చీటీలు ఆగిపోయాయి. వేదిక మీద మైకులు ఎక్కడ పెట్టాలో చూపే సీటింగ్ ప్లాను ఎలక్ట్రికల్ వాళ్ళు అడిగితే, ఏడుగురి పేర్లు రాసి సంతకం చేసి ఇచ్చాను. వరండాలో మైకు లేదు గనక ఎనిమిదో పేరు రాయలేదు.

ఏడాది నిండింది. పర్మనెంటు జాబితాలో రాజమల్లు పేరు లేదు. సెక్రటరీని అడిగాను.

"వేదిక మీద ఏడుగురే కదా మాస్టారూ? ఎనిమిదో ఆయన్ని నెలల తరబడి నేను చూడలేదే," అన్నాడు.

"వరండాలో కూర్చుంటాడండీ. ప్రతి వారం మీరు వింటూనే ఉన్నారు."

"వరండాలో ఉన్నవాళ్ళు ఆర్కెస్ట్రా కిందికి రారు. ఫైల్లో ఉన్న సీటింగ్ ప్లాను చూడండి, సంతకం మీదే."

మూడుసార్లు రాతపూర్వకంగా వివరణ ఇచ్చాను. మూడుసార్లూ అదే ప్లాను నకలు తిరిగొచ్చింది. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, ఆ కాగితం కింద ఉన్న నా సంతకం మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

ఆ శనివారం మొత్తం ఆర్కెస్ట్రాను వరండాలోకి మార్చాను. తబలాలు, అకార్డియన్, కుర్చీలు అన్నీ. కిటికీలన్నీ తెరిపించి వాయించడం మొదలుపెట్టాం. సెక్రటరీ మొదటిసారి బల్ల దగ్గరి నుంచి లేచి వచ్చాడు.

"ఏమిటిది? ఆర్కెస్ట్రా ఏది?"

"మీ లెక్క ప్రకారం ఈ రోజు ఆర్కెస్ట్రా లేదండీ," అన్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. నా వెనక ఎవరూ వాయించడం ఆపలేదు.

ఇంతలో జనరల్ మేనేజరు చేతులు కడుక్కోవడానికి వచ్చాడు. కాసేపు నిలబడి విని, ఇక్కడి నుంచే బాగుంది, ఇకపై ఇక్కడే కూర్చోండి అని చెప్పి వెళ్ళిపోయాడు. జరుగుతున్న గొడవేమిటో ఆయనకు తెలియదు. సోమవారం కొత్త ప్లాను గీశాను, ఎనిమిది పేర్లతో. సెక్రటరీ సంతకం చేయక తప్పలేదు.

కానీ రాజమల్లు సర్వీసును ఆ కొత్త ప్లాను తేదీ నుంచే లెక్కగట్టారు. క్వార్టరు ఇంకో ఏడాదికి గానీ రాలేదు. స్టోర్సులో అతని తర్వాత చేరిన ఇద్దరు సీనియారిటీలో అతన్ని దాటిపోయారు. ఆ తేడా అతను రిటైరయ్యేదాకా పూడలేదు.

అతను నన్ను ఏమీ అనలేదు. ఒక్కసారి, రిహార్సల్ అయ్యాక క్లారినెట్ విప్పి తుడుచుకుంటూ అన్నాడు: "బయట కూసోవెట్టుడు మంచిదే అయింది సార్. కాయితంల సుత నన్ను బయటనే ఉంచితిరి, గదే జర..."

క్లారినెట్ ముక్కలు పెట్టెలో సర్దుకుని బయల్దేరాడు. 

ఎవరు ఎక్కడ కూర్చుంటే శబ్దం పొందికగా ఉంటుందో చూడటం లీడరు పనిలో సగమే. ఒకణ్ణి చోటు మార్చిన రోజే కాగితంలో అతని పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆ తర్వాత ఏ ప్లాను మీదా పేర్లు లెక్కపెట్టకుండా నేను సంతకం చేయలేదు.