సెలవు రోజున మోగిన బడిగంట

కాంపౌండర్ మామ పోయాడని గురువారం పొద్దున మా బడి అటెండరు వచ్చి చెప్పాడు. అప్పుడు నేను ఏడో తరగతి హాజరు పిలుస్తున్నాను. "తెల్లారి నమాజుకు లేసినాడంట టీచరమ్మా. చెంబు అందుకోబోయి ఆడ్నే ఒరిగినాడంట" అని గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాసేపటికే పామిడిలో అందరి నోటా ఒకటే మాట: మంచోడే, కానీ మొండోడు. మంచోడే, సరే. ఆ 'కానీ' ఎందుకు? ఆ మొండితనమే లేకపోతే ఈ నాలుగు మాటలు నేను ఒంటికన్నుతో రాయాల్సి వచ్చేది.

ఆయన మా ఊరి సర్కారు ఆస్పత్రిలో మందులు కలిపేవాడు. యుద్ధం రోజుల్లో సైన్యంలో గాయాలకు కట్లు కట్టి వచ్చిన మనిషి. మా నాయనా ఆయనా ఒకే పలక మీద దిద్దుకున్నారు కనుక నాకు మామ. జలుబుకు సూది వేయమంటే చచ్చినా వేసేవాడు కాదు. "పెన్సిలిన్ గోడలు పడగొట్టే కూలోడప్పా. బాక్టీరియాకు గోడ ఉండాది, పడగొడతాడు. వైరసుకు గోడే లేదు, కూలోడొచ్చి ఏం చేయల్ల?" అనేవాడు. సూది వేయని కాంపౌండరు ఏం కాంపౌండరని జనం తిట్టుకుంటూ వెళ్ళేవారు. నీళ్ళు కాచుకుని తాగమని ఆయన వాళ్ళ వెనకాలే కేకేసేవాడు.

ఐదేళ్ళ కిందట, వానలు మొహం చాటేసిన ఏడు, నా కుడికన్ను ఎర్రబడింది. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుండేది. కర్నూలులో కంటి డాక్టరు చూసి, నల్లగుడ్డు మీద చెట్టుకొమ్మలాంటి పుండు పడిందనీ, అది వైరసు పనేననీ చెప్పాడు. మద్రాసులో కొత్తగా ఒక చుక్కలమందు దొరుకుతోందని కాగితం రాసిచ్చాడు. ఆలస్యమైతే చూపు పోతుందన్నాడు.

మా పెదనాయన అప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. మద్రాసు దాకా ఎందుకని, అనంతపురంలో ఎవరో చెప్పిన వేరే చుక్కల సీసా తెచ్చాడు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది, నొప్పీ పోయింది. ఆయన వీధంతా చాటుకున్నాడు. చూపు మసకబారుతున్న సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే ఒప్పుకోలేదు. మామ వచ్చి నా కన్ను చూశాడు, సీసా మీది పేరు చదివాడు, ఆ సీసాను వీధిలోకి విసిరికొట్టాడు.

"ఏమప్పా, పిచ్చి పట్టిందా? నువ్వు కాంపౌండరువా, డాక్టరువా?" అని పెదనాయన లేచాడు.

"ఎర్రగుండాదంటే ఒళ్ళు కొట్లాడతాండాదని అర్థం, అన్నా. నీ మందు ఒంటికే చేతులు కట్టేసింది. లోపల దొంగ నిమ్మళంగా పని చేసుకుంటాండాడు."

"నిన్ను ఊరు దాటించి యాడికో బదిలీ చేయిస్తా, చూడు."

"చేయించు. పాప కంట్లో చుక్క ఏసినాకనే బస్సెక్కుతా."

మరునాడే గుత్తిలో రైలెక్కి మద్రాసు వెళ్ళాడు. రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ నడుమ చిన్న సీసా పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ మందు చల్లగా ఉండాలి. ఊళ్ళో ఐసు సంగతి దేవుడెరుగు, బావుల్లో నీళ్ళే లేవు. మామ ఒక కుండలో ఇసుక పోసి, సీసాను అందులో పాతి, పైన తడిగుడ్డ కప్పాడు. పెన్న ఇసుకలో చెలమ తోడి తెచ్చుకున్న వాళ్ళింటి నీళ్ళలోంచి రోజూ ఒక చెంబు ఆ కుండకు పోసేవాడు. వద్దంటే, "ఒగనాడు నీళ్ళు పోసుకోకుంటే నేనేం సావను" అనేవాడు.

నేతగాళ్ళ ఊరైన పామిడి మనిషి గనక ఆయనకు ఏది చెప్పాలన్నా మగ్గమే గుర్తొచ్చేది. ఒంట్లోని ఒక్కొక్క కణాన్నీ ఇల్లు అనేవాడు. "వైరసు సొంతంగా పిల్లల్ని పెట్టలేదమ్మా. దాని చేతిలో ఉండేది ఒగ నమూనా కాగితం, అంతే. మన ఇంట్లోకి దూరి, మన మగ్గం మీద, మన నూలుతో, మన చేతనే దాని బట్ట నేయించుకుంటాది. ఇల్లు కూలినాక లోపల తయారైన గుంపంతా పక్కిండ్ల మీద పడతాది."

"మరి మందు దాన్ని చంపుతుందా మామా?"

"సంపదు. అచ్చం నూలు మాదిరుండే దొంగనూలు కలుపుతాది. మగ్గానికి తేడా తెలీక నేసేస్తాది. ఆ బట్ట నిలవదు, పీలికలైపోతాది. నేసేటప్పుడే కలపల్ల. కన్నీళ్ళకు మందు కారిపోతాది గదా, అందుకే గంటగంటకూ ఏయల్ల."

రాత్రుళ్ళు మా అమ్మ చూసుకుంది. పగలు తప్పిపోకుండా గంటకోసారి బడిగంట కొట్టేలా మామ అటెండరును ఒప్పించాడు. మొదటి ఆదివారం గంట మోగేసరికి హెడ్మాస్టరు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "సెలవు రోజు గంటేమిటయ్యా?" అంటే, మామ అడ్డంగా నిలబడి, "వైరసుకు ఆదివారం లేదు సార్. అది మగ్గం దించిన రోజు మీరూ సెలవియ్యండి" అన్నాడు. హెడ్మాస్టరు ఉత్తకాళ్ళతోనే ఇంటిదారి పట్టాడు. దసరా సెలవుల్లోనూ ఆ గంట మోగింది. నాలుగు రోజులు అలిగి మాట్లాడని పెదనాయన కూడా, గంట వినపడితే చాలు, అరుగు మీది నుంచే "ఏసినావా పాపా?" అని అడగడం మొదలుపెట్టాడు.

మూడు వారాలకు పుండు మానింది. ఒక చిన్న తెల్లమచ్చ మిగిలింది. నేను అద్దం ముందు ఏడుస్తుంటే మామ కోప్పడ్డాడు. "మచ్చ ఉండనీ, చూపుండాది గదా. ఇంగొగ మాట. అది పోలేదు, నరంలో పండుకోనుండాది. మళ్ళా లేస్తే మళ్ళా కొడదాం." రెండేళ్ళకు అది నిజంగానే లేచింది. కొట్టాం. మామా, ఆ కుండ ఇంకా మా కిటికీలోనే ఉంది. ఈసారి అది లేస్తే మద్రాసు రైలు నేనే ఎక్కుతాను.

గురువారం బడికి సెలవిచ్చారు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఆయనను మట్టిలో పెట్టారు. నేను ఖబరస్థాన్ గోడ బయట ఆడవాళ్ళతో నిలబడ్డాను. మనిషి పోయాడన్న దుఃఖం కన్నా, ఇంకెవరు మాకోసం ఇలా ఎదురు నిలబడతారన్న కోపమే నాలో ఎక్కువగా ఉంది. మూడు గంటలకు దూరంగా బడిగంట మోగింది. అటెండరు అందరితో రాలేదని అప్పుడు గమనించాను. హెడ్మాస్టరు అటు తిరిగి చూసి తల దించుకున్నాడు.

పెదనాయన గేటు దాటి బయటికొస్తున్నాడు. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగా వినపడవు. అయినా ఆ గంటకు ఆగాడు. మూడు గుప్పిళ్ళు మట్టి వేసి వచ్చిన చేతిని దులుపుకోవడం కూడా మరిచి, నా కుడికంటి వైపు చూసి అడిగాడు:

"ఏసినావా పాపా?"