చెరువు గట్టు మీద లారీ, నాన్నగారి ఎడమ కాలు

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. తాడేపల్లిగూడెంలో బి.ఎస్సీ. చదివాను. మా పేటలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవారు. నేను రక్తపరీక్ష చేయించమనేవాణ్ణి. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. పైగా నేను చెప్పబోయే సంగతిలో చనిపోయినవారు ఎవరూ లేరు. అందువల్లనే దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

మా నాన్నగారు యోహాను. ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న ఒక కామందు వద్ద లారీ డ్రైవరు. ఏళ్ళ తరబడి ఆ ఒక్క లారీనే నడిపారు. ఒకనాడు చేపల ట్రేలతో, ట్రేల మీద కూర్చున్న కూలీలతో చెరువు గట్టు మీదుగా వస్తుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. గట్టుకు రెండు వైపులా నీళ్ళు. ఆయన క్లచ్ తొక్కి, బ్రేకు వేసి, బండిని గట్టు నడుమ నిలిపారు. ఎవరికీ దెబ్బ తగలలేదు. దింపేటప్పుడు ఆయన ఎడమ కాలు ఇంకా క్లచ్ మీదే బిగిసి ఉందని, ఇద్దరు పట్టుకుని తీయవలసి వచ్చిందని కూలీలు చెప్పారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కూడా ఆ కాలు కదలలేదు, మాటా పడిపోయింది.

కామందుగారు ఆసుపత్రికి రాలేదు. ఇంటికీ రాలేదు. ఆ లారీ ఇక అచ్చిరాదని గట్టు పక్కకు నెట్టించి వదిలేశారు. రెండు వర్షాకాలాలు అది అక్కడే నానింది.

తర్వాత ప్రభుత్వం కొల్లేరులో అక్రమ చెరువుల గట్లు కొట్టేయడం మొదలుపెట్టింది. పొక్లెయిన్లు వచ్చేలోగా లారీని బయటికి తీయాలి. దాని తాళం చెవి మా ఇంట్లో, ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. అందుకోసం నాకు కబురు వచ్చింది. నాన్నగారు బాధపడతారని ఆయనకు చెప్పకుండా తీసుకువెళ్ళాను. నాకూ ఒక ఆశ ఉంది. ఏలూరులో పేరున్న నరాల డాక్టరు కామందుగారికి దగ్గరి స్నేహితుడు. ఒక్క మాట చెబితే ఆయన నాన్నగారి కాలు చూస్తారు.

ఆ మాటే అడిగాను. కామందుగారు తాళం చెవి అందుకుని, "చూద్దాం బాబూ, ముందు బండి కదలనీ. మీ నాన్న కాలు ఎక్కడికి పోతుంది?" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఆకివీడు నుంచి బాబ్జీ అనే మెకానిక్కు వచ్చాడు. కొత్త బ్యాటరీ పెడితే ఇంజిన్ పలికింది గాని, క్లచ్ పని చేయలేదు. చెమ్మకు క్లచ్ ప్లేటు తుప్పు పట్టి, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కు అతుక్కుపోయింది. పెడల్ తొక్కినా ఇంజిన్ నుంచి చక్రాలు విడిపడవు. "కొత్తగా పెళ్ళైనోళ్ళలాగ పట్టుకున్నాయండీ, మనమే విడదీయాలి," అన్నాడు బాబ్జీ.

వెనుక చక్రాలను జాకీలతో పైకెత్తి దుంగలు పెట్టాడు. గేరులో ఉంచే ఇంజిన్ స్టార్ట్ చేశాడు. చక్రాలు గాలిలో తిరుగుతుండగా క్లచ్ తొక్కి, గభాలున బ్రేకు వేశాడు. ఆ అదురుకు ప్లేటు ఊడాలి. ఎన్నిసార్లు చేసినా ఇంజిన్ ఆగిపోయింది గాని ప్లేటు ఊడలేదు. చివరికి, వేడెక్కితే వదులుతుందేమోనని ఇంజిన్‌ను నడుస్తూ ఉండనిచ్చి, కాపలా పాక నీడలోకి భోజనానికి వెళ్ళాడు. కామందుగారూ అటే వెళ్ళారు. నేను క్యాబిన్ తలుపు దగ్గర నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. లోపల ఎవరూ లేరు. తలుపు పూర్తిగా తెరిచి ఉంది.

నేను చూస్తుండగా క్లచ్ పెడల్ కిందికి దిగింది. ఒక్కసారిగా కాదు. బరువైన కాలు తొక్కినట్టు, అడుగు దాకా దిగి అక్కడే నిలిచింది. బండి కింద ఠప్పుమని ఏదో విడిపోయింది. ఇంజిన్ చప్పుడు తేలికపడింది. వెనుక చక్రాలు నెమ్మదించి ఆగిపోయాయి. కాసేపటికి పెడల్ పైకి లేవసాగింది. సగం దాకా వచ్చి, ఒక క్షణం ఆగి, తర్వాత పూర్తిగా లేచింది. చక్రాలు మళ్ళీ తిరిగాయి.

మెత్తటి గట్టు మీద బండి ఉలిక్కిపడకూడదని నాన్నగారు క్లచ్‌ను అలాగే సగంలో ఆపి వదిలేవారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూశాను.

బాబ్జీ వచ్చి తొక్కి చూసి, "ఊడిందండీ! వేడికి ఊడింది," అని సంబరపడ్డాడు. నేను చూసింది చెప్పాను. "డిగ్రీ చదివినోళ్ళకి ఎండ పడదండీ, కాసిని మజ్జిగ తాగండి," అన్నాడు.

కామందుగారు వేరే డ్రైవరును ఎక్కించి లారీని పంపేశారు. డాక్టరు సంగతి గుర్తుచేస్తే, "చూద్దాంలే. బండి బాగానే ఉందని మీ నాన్నకి చెప్పు, సంతోషిస్తాడు," అన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా నాకు ఆయన దొరకలేదు.

సాయంత్రం గణపవరం దగ్గరి మా ఊరు చేరేసరికి ఇంటి నిండా ఆడవాళ్ళున్నారు. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఎదురొచ్చింది. "నాన్నగారి కాలు కదిలిందిరా! మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే ఎడమ కాలు చాపి, మంచం పట్టీని గట్టిగా తన్నిపెట్టారు. ప్రభువు విన్నాడు నాయనా."

చాపిన కాలు తిరిగి ఎలా ముడుచుకుందని అడిగాను. అమ్మ తన మోచేతిని నెమ్మదిగా ముడిచి చూపించింది. సగంలో ఒక క్షణం ఆపింది.

నాన్నగారికి అప్పటికి ఒకటి రెండు మాటలే వచ్చేవి. నన్ను చూసి, "బండి?" అన్నారు. తాళం చెవి తీసుకెళ్ళిన సంగతి ఆయనకు చెప్పావా అని అమ్మను అడిగాను. ఆ సంగతి తనకే తెలియదంది.

ఆ ఆదివారం అమ్మ చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాలు మాత్రం ఆ తర్వాత కదలలేదు. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే, ఈ జబ్బులో నరాలు అప్పుడప్పుడు అలా బిగుసుకుంటాయన్నారు. చర్చిలో కొందరు, అమ్మకు విశ్వాసం చాలలేదన్నారు. అమ్మ ఆ మాట నమ్మింది. ఉపవాసాలు మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం నాన్నగారి అరికాలికి తన అరచేయి ఆనించి, "నొక్కండి, ఒక్కసారి నొక్కండి," అని బతిమాలేది.

ఆమె ఉపవాసాలతో చిక్కిపోవడం చూడలేక, ఒకరోజు గట్టు మీద నేను చూసినదంతా చెప్పాను. లోపం ఆమె విశ్వాసంలో లేదని తెలిస్తే చాలనుకున్నాను.

అమ్మ చివరిదాకా విని, మంచం వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ ఒక్కసారీ ఆ బండికే ఇచ్చేశారా?"

నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. అమ్మ ఆనాటి నుంచి ఆయన పాదానికి చేయి ఆనించలేదు.

ఆయన ఇంకొన్నేళ్ళు బతికారు. నేను చదివిన భౌతికశాస్త్రంలో ఆ మధ్యాహ్నానికి జవాబు లేదు. అమ్మ ప్రార్థనల్లోనూ లేదు. ఇంటికి ఒక్కసారైనా రాని మనిషి బండి కోసం కదిలిన ఆ కాలు, ఆమె అరచేతి కోసం ఎందుకు కదలలేదో నేను ఈనాటికీ చెప్పలేను.