నారుమడి రంగు

మొన్న ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటే, దారిలో ఒక సర్కారు బడి గోడలకు ఇద్దరు పనివాళ్లు నిచ్చెనలు వేసుకుని రంగులద్దుతూ కనిపించారు. బస్సు అక్కడ ఆగను కూడా లేదు. అయినా కామారెడ్డిలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్న ఇంటికి తిరిగి వచ్చి తాళం తీసేదాకా మనసంతా ఆ గోడల దగ్గరే ఉండిపోయింది.

టీచరుగా నా మొదటి ఉద్యోగం నాగిరెడ్డిపేట దగ్గర ఒక పల్లెలో. పెళ్లి కాలేదు, ఊళ్లో ఎరిగినవాళ్లు లేరు, సాయంత్రం బస్సు వెళ్లిపోయిందంటే మర్నాడు బడి గంట కొట్టేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. నాకిచ్చిన తరగతి గది అంతకుముందు ఎరువుల బస్తాలు పెట్టే కొట్టు. చెమ్మ ఎక్కకుండా గోడలకు నడుమెత్తు దాకా తారు పూసి, పైన పొగచూరి, ఒక్కటే చిన్న కిటికీతో పట్టపగలే మసకగా ఉండేది. అందులో పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అదంతా నా క్రమశిక్షణే అనుకుని లోలోపల మురిసిపోయాను కూడా.

రెండో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం గడప దాటేది కాదు. తండ్రి దుబాయిలో కూలిపనికి వెళ్లాడు, తల్లి ఆ యేడే పోయింది, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. వరండాలో కూర్చుని పలక మీద రాసుకునే ఆ పిల్లది వట్టి మొండితనమనుకున్నాను. తనిఖీకి పై అధికారి వస్తాడన్న రోజు చెయ్యి పట్టి లోపలికి గుంజి తలుపు వేశాను. అరవలేదు, ఏడవలేదు, గోడ వంక చూస్తూ వణికి, నిలుచున్న చోటే బట్టలు తడుపుకుంది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

మూడో రోజు భయపడుతూ వాళ్లింటికి వెళ్లాను. నాయనమ్మ నన్ను తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది.

"దాని తల్లి గసొంటి చీకటి అర్రలనే నెల దినాలు పండి పానం ఇడిసింది బిడ్డా. నల్లటి గోడలు జూస్తె దానికి గదే యాదికొస్తది. నీకెట్ల చెప్తది?" అన్నదామె.

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆమె పక్కనే కూర్చున్న ఆ పిల్లనే అడిగాను, గోడలకు ఏ రంగు వేస్తే లోపలికి వస్తావని.

"నారుమడి లెక్క," అన్నది, నా వైపు చూడకుండానే.

ఎల్లారెడ్డి వెళ్లి సున్నం, ఆకుపచ్చ రంగుపొడి తెచ్చాను. ఆదివారం నాయనమ్మా, పెద్ద తరగతుల పిల్లలూ నాతో చెయ్యి కలిపారు. ఎంత గీకినా తారు మరకలు తేలుతూనే ఉంటే మూడు పూతలు వేశాం. సోమవారం ఆ పిల్ల గడప దగ్గర చాలాసేపు నిలబడి, లోపలికొచ్చి తలుపు పక్కనే కూర్చుంది. అంతటితో దిగులంతా తీరిపోయిందని చెప్పను; కోతల నాటికి మధ్య వరస దాకా వచ్చింది, అంతే. మిగతా పిల్లలకు మాత్రం గొంతులు లేచాయి. పక్క గది పెద్దసారు తొంగిచూసి, "ఏంది టీచర్, గది అంగడి లెక్క అయింది?" అని విసుక్కునేవారు.

బడి వదిలాక అద్దె గదికి పోబుద్ధి కాక నేను అక్కడే కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు ఆ పిల్లా ఉండిపోయేది. నేను నోటుపుస్తకాలు దిద్దుకుంటుంటే, తను పలక మీద రాసుకునేది. వేసవి సెలవుల్లో తండ్రి వచ్చి, మళ్లీ పెళ్లి చేసుకుని, ఆ పిల్లను పిట్లం తీసుకుపోయాడట. బడి తెరిచాకే నాకు తెలిసింది.

ఇప్పుడు సర్కారు బడి గోడల మీద లేని రంగు లేదు; పిల్లలే ప్రైవేటు బడుల వ్యాన్లెక్కి వెళ్లిపోతున్నారు. ఉన్న నలుగురినీ ఏ రంగు కావాలని ఎవరూ అడగరని నా ఈడువాళ్లతో అనబోయి ఆగిపోతాను. ఆ తరువాత ఎన్ని ఊళ్లలో, ఎన్ని గదుల్లో పాఠాలు చెప్పానో లెక్కలేదు. నేనూ మళ్లీ ఏ పిల్లనూ అడగలేదు.