చూపు ఒక దిక్కు, లిఫ్టు ఇంకో దిక్కు

సర్వర్ భాయ్ చూసిన దిక్కు ఇవ్వడు. బంతి గానీ, చాయ్ గానీ, తిట్టు గానీ, ఆయన కళ్లు ఒక దిక్కుంటే చేతులు ఇంకో దిక్కుంటాయి. సిద్దిపేటలో వాలీబాల్ ఆడిన ప్రతివాడూ ఆయన చూపును నమ్మి ఒక్కసారైనా మోసపోయినవాడే.

మా జట్టుకు ఆయన లిఫ్టర్. లిఫ్టర్ పాయింటు కొట్టడు. నెట్టు దగ్గర నిలబడి, షాటు కొట్టేవాడికి బంతిని అందంగా పైకెత్తి ఇస్తాడు. చప్పట్లు షాటు కొట్టినవాడికి, భుజాల నొప్పి లిఫ్టర్‌కు. ఆయన కుడివైపు షాట్లు కొట్టే దత్తాత్రిని తినేసేలా చూస్తూ, బంతిని ఎడమవైపు ఎత్తేవాడు. అవతలివాళ్లు దత్తాత్రి ముందు గోడలా ఎగిరి, ఉత్త గాలిని ఆపేవారు.

చాయ్ హోటల్లోనూ అదే వరస. "పోశయ్యా, తీస్కో" అని పోశయ్య ముఖంలోకి చూస్తూ గ్లాసు నా చేతిలో పెట్టేవాడు. పోశయ్య చాచిన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయేది.

"నాకంటే మోసపోయినోళ్లు ఎవలున్నరు భయ్యా?" అనేది ఆయన భార్య షమ్షున్నీసా భాభీ. "పెండ్లిల అద్దంల పెండ్లిపిల్ల ముఖం చూడుమన్నరు. ఈయన అద్దం పట్టుకున్న మా ఫుఫ్ఫూను చూసిండు. ముసల్ది సిగ్గుపడ్డది."

సర్వర్ భాయ్ తన దుకాణంలో పరుపులు కుట్టేవాడు. సేటు రాజమల్లయ్య కోసం కుట్టిన మెత్తటి పరుపును ఒకసారి, నడుము విరిగి మంచాన పడ్డ దుర్గవ్వ ఇంట్లో దింపి వచ్చాడు. ఇల్లు తప్పిందన్నాడు. ఇంకోటి కుట్టి ఇచ్చేదాకా సేటు తిడుతూనే ఉన్నాడు. సర్వర్ భాయ్ పక్క దుకాణం బోర్డు చదువుకుంటూ ఆ తిట్లన్నీ విన్నాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బళ్లు, ఆఫీసులు, బస్సులు అన్నీ బంద్. కరీంనగర్ రోడ్డు మీద టెంటు వేశాం. ఒక పక్క వంటా వార్పు, ఇంకో పక్క రోడ్డుకు అడ్డంగా మా వాలీబాల్ నెట్టు. షాట్లు కొట్టే రమేశ్ బతుకుదెరువుకు భివండీ పోవడంతో, అతని జాగాలో చిన్నకోడూరు నుంచి యోబు వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు. ఎవరూ లేనప్పుడు కొడితే బంతి పగిలేది. నలుగురు చూస్తే మాత్రం గురి తప్పేది. "నాకు ఇయ్యకున్రి అన్నా" అని ఆటకు ముందే అందరినీ బతిమాలుకునేవాడు.

మూడోనాడు ఎస్సై తన పోలీసులతో జీపు దిగాడు. కాలేజీలో ఆడినవాడట, నెట్టును చూడగానే ఆయన ముఖం మారింది.

"మీకూ రోడ్డు కావాలె, మాకూ రోడ్డు కావాలె. ఆడి తేల్చుకుందాం. గెలిస్తే పొద్దు గూకేదాక టెంటు మీది. ఓడితే పీకేయాలె" అన్నాడు.

సరేనన్నాం. సర్వర్ భాయ్ దత్తాత్రిని చూసి యోబుకు ఎత్తాడు. షాటు నెట్టులో పడింది. మళ్లీ యోబుకే ఎత్తాడు. బంతి పోయి వంటవాళ్ల పప్పు గిన్నెలో పడింది.

"భాయ్, దత్తాత్రిని చూసుకుంట గాడ ఇస్తవేంది?" అని టెంటు మొత్తం ఆయన మీద పడింది.

"చెయ్యి జారింది" అన్నాడు ఆయన, ఆకాశంలోకి చూస్తూ.

చివరి పాయింటుకు కూడా చెయ్యి జారింది. యోబు కొట్టిన బంతి జీపు కిందికి పోయింది. ఓడిపోయాం. మాట ఇచ్చాం గనుక మా చేతులతోనే టెంటు పీకాం. ఆ సాయంత్రం హోటల్లో అందరూ సర్వర్ భాయ్‌ని ఉతికి ఆరేశారు. యోబును ఒక్కరు ఒక్క మాట అనలేదు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. "రేపు మల్ల నెట్టు కడ్తం భాయ్. దండం పెడ్త, రేపన్న దత్తాత్రికే ఇయ్యి."

ఆయన చాయ్ కెటిల్‌ను చూస్తూ చెప్పాడు. "పోరన్ని చూసుకుంట ఇచ్చిన అనుకో, తప్పినప్పుడు అందరు గాన్నే తిడ్తరు. దత్తాత్రిని చూసుకుంట ఇస్తే నన్ను తిడ్తరు. తిట్లు పడ్డ పోరడు మల్ల ఎగరడు భయ్యా. లిఫ్టర్‌కు ఎగిరే పనేముంది?"

ఆ చూపు అవతలి జట్టును మోసం చేయడానికే అనుకున్నాను. అది మా నోళ్ల నుంచి పోరణ్ని కాపాడటానికట. ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. అయినా లేచేముందు, "దత్తాత్రికే ఇయ్యి" అని ఇంకోసారి చెప్పి వచ్చాను.

తెల్లారి మళ్లీ టెంటు వేశాం. ఎస్సై వచ్చాడు. "నిన్న ఓడిపోయిన్రు కద?"

"నిన్నటిది నిన్ననే అయిపోయింది సార్. మాట ప్రకారం పీకినం" అన్నాడు దత్తాత్రి. "తెలంగాణ వచ్చేదాక రోజూ కడ్తం, రోజూ ఆడ్తం."

ఎస్సై టోపీ తీసి జీపులో పెట్టాడు.

పోలీసులు నిన్నటి పాఠం బాగా నేర్చుకుని వచ్చారు. సర్వర్ భాయ్ దత్తాత్రిని చూస్తే చాలు, అందరూ యోబు ముందుకు ఉరికేవారు. అయినా పడుతూ లేస్తూ వాళ్లకు సమానంగా లాక్కొచ్చి, చివరకు ఒక పాయింటు ముందుకు కూడా పోయాం. ఇంకొక్కటి వస్తే గెలుపు మాదే.

బంతి సర్వర్ భాయ్ చేతుల మీదికి వచ్చింది. ఆయన తల తిప్పి, యోబు ముఖంలోకి నిండుగా చూశాడు. ఈ బంతి తప్పితే టెంటు పోతుంది, ఈసారి తిట్లన్నీ యోబుకే. పోలీసులకు మాత్రం అనుమానమే రాలేదు. చూసిన దిక్కు ఇవ్వని మనిషి కదా, అందరూ కలిసి దత్తాత్రి ముందు ఎగిరారు.

బంతి యోబుకే వెళ్లింది. ఎదురుగా ఒక్క చెయ్యి లేదు. యోబు ఎగిరాడు. బంతి అవతల తారురోడ్డును ఎంత గట్టిగా తాకిందంటే, ఎస్సై అది పడిన జాగా చూడకుండా తన కాళ్లు చూసుకున్నాడు.

"ఏం భాయ్, చూసిన దిక్కే ఇస్తివి. ఇది అన్యాయం" అన్నాడు ఎస్సై, నవ్వాపుకుంటూ.

"ఇయ్యాల్టి సంది పోరడు ఎవలేమన్నా తట్టుకుంటడు సార్" అన్నాడు సర్వర్ భాయ్, జీపు డ్రైవర్ ముఖంలోకి చూస్తూ.

యోబు ఇదేమీ వినలేదు. బంతి తెచ్చి సర్వర్ భాయ్ చేతుల్లో పెట్టి, "అన్నా, నాకు ఇంకోటి ఎత్తు" అన్నాడు. పొద్దు గూకేదాకా రోడ్డు ఎలాగూ మాదే. ఇంకో ఆట మొదలుపెట్టాం.