బియ్యప్పిండి చక్కెర వడలు

పోయిన నెల మద్రాసులో మా చెల్లెలు వల్లి కూతురింటికి వెళ్ళినప్పుడు, గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే, కాగిన నూనెలో తీపి పిండి వేగే వాసన ముక్కుకు తగిలింది. వంటగది గట్టు మీద తళతళలాడే ఒక పొట్లం, దాని మీద చిల్లు వడలాంటి డోనట్ బొమ్మ, పక్కన ఒక గోదుమ కంకి, ఆ కంకిని అడ్డంగా కొట్టేసిన గీత. నీళ్ళు పోసి కలపడం, గుండ్రంగా చుట్టడం, వేయించడం, అంతే పని అట. "అమ్మకు ఇది పడతాది పెద్దమ్మా, ఆన్‌లైన్‌లో తెప్పిచ్చినాను" అన్నది ఆ పిల్ల. ఒకటి తిన్నాను. మెత్తగా, మర్యాదగా, ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది. డెబ్బైల్లో మా ఇంట్లో ఇదే వస్తువు తయారు కావడానికి ఇద్దరు ఆడవాళ్ళు, ఒక రోలు, ఒక డాక్టరమ్మ, తిరుత్తణి కొండ మీది సామి కావలసి వచ్చారు. పొయ్యి దగ్గర నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కనుక ఆ పిల్లకు చెప్పలేదు.

మేము అప్పుడు తిరువళ్ళూరులో, రైలు కూత వినపడే దూరంలో, గోడకు గోడ ఆనుకున్న పెంకుటిళ్ళ వరుసలో ఉండేవాళ్ళం. నాయన అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తెల్లవారక ముందే టిఫిన్ క్యారియర్ పట్టుకుని రైలెక్కి, చీకటి పడ్డాక నూనె మరకల చొక్కాతో దిగేవాడు. అమ్మ, నేను, నాకంటే ఐదేళ్ళు చిన్నదైన వల్లి, నాయనను కన్న అవ్వ, ఇంతే ఇల్లు. ఎండాకాలం పెంకుల సందుల్లోంచి సెగ దిగుతుంటే మేము నేల మీద నీళ్ళు చల్లుకుని, ఆ తడి ఆరేలోపు అచ్చనగాయలు ఆడేవాళ్ళం. ఐప్పసి నెల వానలకు వాకిట్లో నీళ్ళు నిలిచి కప్పలు ఇంట్లోకి గెంతితే, అవ్వ వాటిని చీపురుతో అదిలిస్తూ, ఊత్తుకోట పక్కనున్న తన పుట్టినూరి కప్పలకు ఇంతకన్నా మర్యాద ఉండేదని సణిగేది. దీపావళికి అత్తిరసాలనే అరిసెలు, కార్తీక దీపానికి బొరుగుల ఉండలు, మామూలు రోజుల్లో అన్నం, సంగటి. గోదుమ మాత్రం మా ఇళ్ళల్లో రెండు సందర్భాల్లోనే కనిపించేది, జబ్బు చేసినప్పుడు, ఒక్కపొద్దు ఉన్నప్పుడు.

జ్వరం వచ్చిన కడుపుకు అన్నం బరువనీ అరగదనీ అందరి నమ్మకం. అందుకని మంచం పట్టిన మనిషికి వేడి పాలలో ముంచిన బ్రెడ్డు పెట్టేవాళ్ళు, కాస్త తేరుకుంటే బన్ను, ఇంకాస్త తేరుకుంటే టీలో నానబెట్టిన రస్కు. మైనపు కాగితంలో చుట్టిన బ్రెడ్డు చంకన పెట్టుకుని ఎవరైనా మా వీధిలోకి వస్తే చాలు, వాళ్ళింట్లో ఎవరికి బాగాలేదో అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు నిమిషంలో తేల్చేసేవాళ్ళు. నాయన జీతం అందుకున్న రోజు ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న బేకరీలో డోనట్లు కొనేవాడు. చుట్టూ చక్కెర అద్ది, నడుమ చిల్లు పెట్టిన ఆ మైదా ముద్దను మేము చక్కెర వడ అనేవాళ్ళం. వల్లి దాని చిల్లులోంచి నన్ను ఒక కంటితో చూసి, చుట్టూ చక్కెర నాకి, తర్వాత గానీ కొరికేది కాదు.

వల్లికి మూడో ఏడు నడుస్తుండగా దాని ఒళ్ళు తగ్గడం మొదలైంది. కడుపు మాత్రం కుండలా ఉబ్బి, కాళ్ళు చేతులు పుల్లల్లా మిగిలాయి. జుట్టు ఎర్రబారింది, ఆడుకునేది కాదు, పిలిస్తే తల తిప్పేది కాదు. దినమూ విరేచనాలే. తాయెత్తు కట్టించారు, దిష్టి తీశారు, నాటు మందు పోశారు. అది నీరసపడేకొద్దీ బ్రెడ్డు ఎక్కువైంది, గోదుమ గంజి ఎక్కువైంది. బంధువులు వచ్చినవాళ్ళు వచ్చినట్టు బన్నులూ రస్కులూ తెచ్చారు. అందరూ ప్రేమతోనే పెట్టారు. పెట్టినదంతా ఆ పిల్ల నోరెత్తకుండా తినేది.

ఇక అవ్వ సామికి మొక్కుకుంది. మా అవ్వకు దేవుడంటే తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి ఒక్కడే; మిగిలిన దేవుళ్ళతో ఆమెకు పరిచయం ఉండేది గానీ రాకపోకలు లేవు. పసుపు గుడ్డలో నాణెం ముడివేసి, కొండ ఉన్న దిక్కుకు తిరిగి, "మంగళారమూ కిర్తికనాడూ బిడ్డ నోట్లో బువ్వ మెతుకు పడనీను సామీ, దాన్ని నిలబెట్టు" అన్నది. ఒక్కపొద్దు నాడు అన్నం ముట్టరు గనుక ఆ రోజు మా ఇంట్లో పండగే, గోదుమ రవ్వ ఉప్మా, పూరీలు, గోదుమ పాయసం. పసుపు బట్టలవాళ్ళు కావళ్ళు మోసుకుంటూ హరోహరా అని వీధిలో వెళ్తుంటే మేము చేతులు కడుక్కోకుండానే గుమ్మంలోకి పరుగెత్తేవాళ్ళం. మరునాటికి వల్లి మళ్ళీ లేవలేకపోయేది. సామి ఇంకా కరుణించలేదని అవ్వ శనివారాన్ని కూడా మొక్కులో చేర్చింది.

చివరికి నాయన సెలవు పెట్టి ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ ఒక పెద్దావిడ, తొందరలేని మనిషి. పిల్ల కడుపు నొక్కి చూసి, పొద్దున లేచింది మొదలు ఏమేం పెడతారో అమ్మను అడిగింది. అమ్మ గొప్పగానే చెప్పింది, బ్రెడ్డు, బన్ను, రస్కు, గోదుమ గంజి, ఒక్కపొద్దు నాటి పూరీలు. అంతా విని ఆమె, "కోదుమై వేండామ్మా, అడియోడ నిరుత్తిడు" అన్నది. గోదుమ వద్దు, పూర్తిగా మానెయ్. కొందరు పిల్లలకు అది పడదనీ, పడని పిల్లలకు ఎంత పెడితే అంత చేటనీ, అన్నమే పెట్టమనీ తమిళంలోనే నిదానంగా వివరించింది.

అన్నం తిన్న వల్లి నెల తిరక్కుండా వాకిట్లోకి నడిచి వచ్చింది. అది అందరూ చూశారు, అవ్వ కూడా చూసింది. కానీ మొక్కు రోజుల్లో మాత్రం మెతుకు పెట్టనిచ్చేది కాదు. "డాక్టరమ్మ చెప్పిందని సామికిచ్చిన మాట మీరేదానికి లేదు. ఆయన బిడ్డను ఎత్తుకోని పోతే మీ డాక్టరమ్మ తెచ్చిస్తాదా?" అని అడిగేది. అన్నం పెట్టకపోతే బిడ్డ పోతుందని అమ్మ భయం, పెడితే పోతుందని అవ్వ భయం. మొక్కు రోజున అరటిపండూ పాలూ ఇస్తే పాలు కక్కేసి, ఆకలికి గోడ వారగా ముడుచుకుని పడుకునేది వల్లి. అత్తాకోడళ్ళు మాటలు మానుకున్నారు. కావలసినవి నా ద్వారా అడిగి తీసుకునేవాళ్ళు.

ఇంతలో వల్లికి చక్కెర వడ గుర్తొచ్చింది. నాయన తేవడం మానేశాడు. అది జీతం రోజున ఆయన సంచీ తిరగేసి, ఏమీ లేదని తెలిశాక ఏడవకుండా మళ్ళీ సంచీని గోడకు తగిలించేది. అది చూడలేక అమ్మ ఇంట్లోనే చేయబోయింది. మొదట మినప్పిండి వడలకు చక్కెర అద్దింది. వల్లి కొరికి, "ఇది వడే" అని పక్కన పెట్టేసింది. తర్వాత బియ్యప్పిండిని చన్నీళ్ళతో కలిపి చుట్టి నూనెలో వేస్తే అవి టపటపా పేలి, నూనె చింది అమ్మ మణికట్టు మీద బొబ్బలు లేచాయి. అవ్వ అంతవరకూ అటు తిరిగి కూర్చుని ఉన్నదల్లా లేచి వచ్చి, బొబ్బల మీద వెన్న రాసి, నాతో, "పచ్చిపిండి పేలక ఏం చేస్తాది అని మీయమ్మతో చెప్పు" అన్నది. అమ్మ పక్కనే ఉంది.

అత్తిరసాల చెయ్యి అవ్వది, ఇక తనే పనిలోకి దిగింది. పచ్చిబియ్యం నానబెట్టి, గుడ్డ మీద నీడలో ఆరబోసి, వేలికి తడి తగులుతుండగానే రోట్లో దంచి జల్లించాలి. ఆ పిండిని తెర్లే బెల్లం నీళ్ళలో పోసి తెడ్డుతో గిరగిర తిప్పి, కాస్త వేయించిన మినప్పిండి చల్లి, బాగా పండిన అరటిపండు చిదిమి, చెయ్యి కాలేంత వేడి మీదే పిసకాలి. చల్లారితే పగుళ్ళు వస్తాయి, పగులున్నది నూనెలో విచ్చిపోతుంది. అరటాకుకు నెయ్యి రాసి దాని మీద తాడులా సాగదీసి, కొసలు రెండూ కలిపి అద్ది, సన్నటి సెగ మీద వేయించి, యాలకుల చక్కెరలో దొర్లిస్తే, బయట పెళుసుగా, లోపల మెత్తగా, బేకరీ దానికంటే కాస్త నల్లగా వచ్చేది. పిండి వేడి ఆరకముందే అంతా అయిపోవాలి గనుక ఒకరు పిసుకుతుంటే ఇంకొకరు సెగ చూడాల్సిందే. కట్టె లాగు, నెయ్యి అందుకో అని అనుకోక తప్పదు గనుక వాళ్ళిద్దరికీ మాటలు కలిశాయి. వల్లి మొదటి దాన్ని ఎత్తి చిల్లులోంచి నన్ను చూసింది.

ఆడి నెలలో వచ్చే కృత్తిక పండగకు కొండకు పోవడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు దానికి ముందు రోజు అవ్వ అమ్మను పిలిచి, "బియ్యం నానెయ్యి" అన్నది. అమ్మకు అర్థం కాలేదు. రేపు ఒక్కపొద్దు గదా అంటే, "నాకు తెలీదా? నానెయ్యి" అన్నది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి వడలు చేసి అరటాకులో మూటగట్టారు.

తిరుత్తణిలో బస్సు దిగినప్పటి నుంచీ జనమే, పసుపు బట్టలు, పూల కావళ్ళు, చెమట, కర్పూరం, విభూతి కలిసిన వాసన, తడిపాదాలకు నల్లబడిన మెట్లు. నాయన వల్లిని భుజం మీద ఎక్కించుకున్నాడు. దర్శనం అయ్యాక అవ్వ ధ్వజస్తంభం పక్కన చతికిలబడి, వల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూట విప్పింది. అమ్మ ముఖం పాలిపోయింది. అవ్వ గర్భగుడి వైపు చూసి, పొరుగింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"సామీ, ఇది బియ్యప్పిండి. ఇంట్లో తలుపేసుకోని దొంగగా పెట్టేది నా చేత కాదు, నీ ముందరే పెడతా వుండాను. మాట ఇచ్చింది నేను, తప్పింది నేను. కోపమొస్తే నా మీదికి రా. బిడ్డ జోలికి రాబాకు."

పక్కన కావడి దించుకున్న ఒకావిడ చూసి, "ఇన్నిక్కి విరదమాచ్చే పాట్టీ" అని గదమాయించింది, ఈరోజు ఒక్కపొద్దు గదా అవ్వా అని. "అది నాకూ ఆయనకూ వుండే మాట" అని అవ్వ వల్లి నోటికి వడ అందించింది. వల్లి చక్కెర నాకింది, కొరికింది, ఇంకొకటి అడిగింది. ఆ పూట నాకు దేవుడంటే భయం వేయలేదు; అవ్వను చూస్తేనే భయం వేసింది, దానితో పాటు చెప్పలేనంత ప్రేమ కూడా పుట్టింది.

ఆ తర్వాత వల్లికి ఏ లోటూ రాలేదు. అన్నం, సంగటి, వడలు తిని, మొండిగా, బొద్దుగా పెరిగింది. అవ్వ మాత్రం సామి నుంచి తనకు రావలసినదాని కోసం కాచుకుని ఉండేది. ఒకసారి బావి దగ్గర జారిపడి చెయ్యి బెణికితే ఆమె ముఖంలో ఒక తేట కనిపించింది. వారానికే నొప్పి తగ్గిపోయేసరికి, "ఇది కాదులే" అన్నది. ఎందుకలా అన్నదో నాకప్పుడు తెలియలేదు.

కొన్నేళ్ళకు ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. ఎనభైల మొదట్లో మా ఊరి స్కూల్లో ఉచితంగా కంటి ఆపరేషన్ల క్యాంపు పెడితే నేనే చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళాను. అక్కడివాళ్ళు దీపం వేసి చూసి, పొర తీసేస్తే చూపు వచ్చేస్తుందని భరోసా ఇచ్చారు. అవ్వ అంతా విని, బెంచీ మీదనుంచి లేచి, తలుపు ఎటువైపో తడుముకుంటూ బయటికి నడిచింది. వెంటపడి, "ఏందవ్వా, భయమా?" అన్నాను.

"భయమే. ఇన్నేండ్లకు ఆయన తీసుకునింది ఇది. దీన్ని ఎనక్కి అడిగితే, మళ్ళా ఎవురి దిక్కు చూస్తాడో." కాస్త దూరం నడిచాక నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "వల్లికి మటుకు చెప్పబాకు పాపా. దానికి తిన్నది అరగదు" అన్నది.

అవ్వ ఇంకా చాలా ఏళ్ళు బతికింది, చూపు లేకుండానే. వల్లి బడినుంచి రాగానే దగ్గరకు పిలిచి, దండ చెయ్యి పట్టి చూసి, కండ తగిలితే తృప్తిగా తలాడించేది.

ఇప్పుడు ఆ పెంకుటిళ్ళ వరుస లేదు, అక్కడ మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. రోలు ఎవరు పట్టుకుపోయారో తెలియదు. మంగళవారమని, కృత్తికని మా ఇంట్లో ఎవరూ అన్నం మానరు. నాయనా అమ్మా కూడా వెళ్ళిపోయారు. ఈ ఏడు వల్లికి కూడా కళ్ళకు పొరలొస్తే, పొద్దున వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ఇడ్లీలు తిన్నది. అవ్వ కూడా ఆ రోజు క్యాంపులో ఉండిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని నాతో అన్నది, ఆ ముసలామె వట్టి పిరికిది అని నవ్వింది కూడా. అవ్వ చెప్పబాకన్నది గుర్తొచ్చి, నేను లేచి దాని పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేశాను.

నేను చదివిన బడిలో నా తర్వాత కొన్నాళ్ళకే తెలుగు ఎత్తేశారు. వల్లి చదువంతా తమిళంలోనే సాగింది. ఇంట్లో నోరారా తెలుగే మాట్లాడుతుంది గానీ దానికి ఈ అక్షరాలు రావు. అందుకే ఇక్కడ రాశాను.